పండగ ఆర్డర్ల మెసేజ్ పంపేముందు

మన సభ్యుల్లో ఇంటి నుంచే పచ్చళ్లు, పిండివంటలు, చీరలు అమ్మేవారు, ట్యూషన్లు చెప్పేవారు చాలామంది ఉన్నారు. పండగ వస్తోందంటే తెలిసిన ఈమెయిళ్లకీ ఫోన్ నంబర్లకీ ఒకేసారి ప్రకటన పంపేస్తుంటారు. కెనడాలో 2014 జూలై 1 నుంచి అమల్లో ఉన్న యాంటీ స్పామ్ చట్టం దీన్ని ఒప్పుకోదు. ఈమెయిలైనా, టెక్స్ట్ అయినా, నేరుగా పంపే వాట్సాప్ మెసేజ్ అయినా అవతలివారి అనుమతి ఉండాలి. మీ దగ్గర కొన్నవారికి 2 ఏళ్ల దాకా, ధర అడిగినవారికి 6 నెలల దాకా అనుమతి ఉన్నట్టే లెక్క. అనుమతి కోరుతూ పంపే ఈమెయిల్ కూడా ప్రకటన కిందికే వస్తుంది! అందుకే ఆర్డర్ తీసుకునేటప్పుడు కాగితం మీదే అడిగి, తేదీ వేసి దాచుకోండి. రుజువు చూపాల్సింది పంపినవారే.

మెసేజ్‌లో మీ పేరు, పోస్టల్ చిరునామా, ఫోన్ నంబరో ఈమెయిలో, ‘ఇక పంపవద్దు’ అని చెప్పే వీలు ఉండాలి. వద్దన్నవారి పేరు 10 పనిదినాల్లోగా తీసేయాలి. గరిష్ఠ జరిమానా వ్యక్తులకు 10 లక్షల డాలర్లు, సంస్థలకు కోటి.

మీ ఫేస్‌బుక్ పేజీలో పెట్టే పోస్టుకు ఈ బాధ లేదు. అదే మెసెంజర్‌లో పంపితే ఉంది. నన్నడిగితే, కొత్తవారి కోసం గూగుల్‌లో ఉచితంగా బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోవడం మేలు. ఇంటి చిరునామా కనపడకుండా దాచుకోవచ్చు, వెతుక్కునేవారే మీ దగ్గరికి వస్తారు. గుడి సభ్యుల జాబితా మాత్రం ముట్టుకోకండి. వాళ్లు ఈమెయిల్ ఇచ్చింది పూజల కబుర్ల కోసం.