వెండి, విద్యుత్తు, పుచ్చుపండ్లు

వెండి తీగకు చిన్న బ్యాటరీ తగిల్చి నోటిలోని క్రిములను చంపవచ్చునట, నిజమా యని తలిదండ్రులు కొందరు అడుగుచుందురు. ఇందు సత్యము కొంత కలదు.

వెండి తీగను బ్యాటరీ ధనధ్రువమునకు తగిల్చి తడిలో నుంచినచో, దాని నుండి విద్యుదావేశము గల వెండి పరమాణువులు విడివడి ఆ తడిలో కలియును. వీనిని అయానులందురు. ఇవి బాక్టీరియా మాంసకృత్తులలోని గంధకమును పట్టుకొని దాని వృద్ధిని ఆపును. చంపునది వెండియే, విద్యుత్తు దానిని మోసుకొనివచ్చు కూలివాడు మాత్రమే. 1970 దశకమున అమెరికాలో రాబర్టు బెకర్, స్పడారో మొదలగువారు ఆంపియరులో పదిలక్షలవ వంతుల లెక్కకు వచ్చు ప్రవాహముతో, వెండిధ్రువము చుట్టును బాక్టీరియా పెరుగకుండుట చూపిరి.

అది ప్రయోగశాలలోని మాట. నోటి సంగతి వేరు. లాలాజలములోని లవణము వెండి అయానులను పట్టి కరగని పదార్థముగా మార్చును. పండ్లను పుచ్చజేయు స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ (దీనిని 1924లో లండనులో క్లార్కు గుర్తించెను) పాచి పొరలో దాగియుండి, పిల్లలు తిన్న తీపిని ఆమ్లముగా మార్చి పంటిని కరగించును. ఆ పొరలోనికి మందు చొచ్చుట కష్టము. మరియు వెండి నీటిని ఇంట తయారుచేసి త్రాగువారికి చర్మము శాశ్వతముగా నీలిబూడిద రంగు తిరుగవచ్చును. కావున పిల్లల నోట తీగలుంచుట, వెండి నీరు పట్టుట ఎంతమాత్రము తగదు. ఉగ్గుగిన్నె వెండిదైనంత మాత్రమున పండ్లు పుచ్చక మానవు.

విద్యుత్తు అక్కరలేని వెండి మందొకటి కలదు. దాని పేరు సిల్వరు డయమిను ఫ్లోరైడు. జపానులో ఇది అర్ధశతాబ్దిగా వాడుకలో నున్నది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది. సూది లేదు, తొలుచు యంత్రము లేదు; పుచ్చుపై చుక్క పూసిన చాలును. వెండి క్రిములను అణచును, ఫ్లోరైడు పంటిని గట్టిపరచును. సాధారణముగా ఆరునెలలకొకసారి పూయుదురు. గుణుపురము నుండియో మునిగుడ నుండియో పిల్లవానిని రాయగడకు తీసికొనివచ్చుటకు ఒకనాటి కూలి పోవును. పంటిని తొలిచి నింపించుటకు పలుమారులు తిరుగలేనివారు ఈ మందు కలదేమో దంతవైద్యుని అడుగవలెను. వెండి పడనివారికి ఇది పనికిరాదు.

ఇది గుంటను పూడ్చదు. పుచ్చిన చోటు నల్లబడి, పాలపన్ను ఊడువరకు అట్లే యుండును. ఆ నలుపు చూచి వైద్యుడు పంటిని పాడుచేసెనని తలంపవలదు. పుచ్చు ఆగిన చోటు నల్లగా గట్టిపడును. ముందుపండ్లకు పూయించునప్పుడు, ముఖ్యముగా ఆడపిల్లల విషయమున, ఇంటివారితో ముందే చెప్పియుంచుట మేలు.