అవ్వ పెట్టిన ఊరగాయ: తినొచ్చా, పారేయాలా?

వడమాలపేటలో మా ఇంట్లో ఈ వారమంతా ఒక జాడీ మీదే పంచాయితీ. 3 ఏళ్ల కిందట మా అవ్వ పెట్టిన మామిడికాయ ఊరగాయ అది. ఆమె పెట్టిన చివరిది. "పారేయ్‌రా, కడుపునొప్పి వస్తే ఎవురు చూస్తారు?" అంటాది అమ్మ. నాకేమో చెయ్యి రాలేదు.

మొన్న ఫోన్లో ఒక వీడియో చూసినా. పాత షార్డొనే వైన్ ఎంత బాగా నిలిచిందో రుచి చూసి చెప్తున్నారు. షార్డొనే అంటే బర్గండీ వైపు తెల్ల ద్రాక్ష. ఆ వైన్ కొత్తలో లేత పసుపు, పాతబడితే బంగారు రంగు. గోధుమరంగుకి తిరిగి, కమిలిన ఆపిల్ వాసన కొడితే గాలి తగిలి పోయినట్టే. ముందు కన్ను, తర్వాత ముక్కు, చివర్న నాలుక. మన జాడీకీ ఇదే లెక్క పెడదామనుకున్నా.

మూత తీయగానే బూజు వెతకండి. ఉంటే మొత్తం పారేయాల్సిందే. పైపైన గీకేసి తింటారు చూడండి, అది తప్పు. బూజు మనకి కనపడకుండా లోపలికి దిగుంటుంది, కొన్ని రకాల్లో విషం కూడా ఉంటుంది. మా జాడీ అంచున తెల్లగా కనపడితే గుండె జారింది. వేలితో నలిపితే గరగరలాడింది. ఉప్పు!

రంగు మాత్రం నల్లబడింది. దానికి భయపడొద్దు. కారం ఎరుపు గాలికీ వెలుతురికీ పోతుంది, అది వయసు.

అసలు గుట్టు నూనెలో ఉంది. నూనె ముక్కల్ని ముంచి ఉంటే గాలి తగలదు. మాదాంట్లో నూనె తగ్గి పై ముక్కలు తేలినాయి. అక్కడ ముక్కిపోయిన శనక్కాయల వాసన. ఆ వరుస తీసి పారేసినా. కింద గంటె పెడితే ఆవపిండి, మెంతుల వాసన, సన్నగా అయినా ఉంది.

ఇంక నాలుక. ముక్క మెత్తబడింది, కరకర లేదు. ఆవ ఘాటు సగం పోయింది. పులుపు మాత్రం నిలబడింది. నిజం చెప్పాలంటే రెండేళ్ల ముందే దీని మంచి వయసు అయిపోయింది. చెడిపోలేదు, అలిసిపోయింది.

అమ్మకి వేడన్నంలో కొంచెం కలిపిచ్చినా. నమిలి, "మీ అవ్వ ఎప్పుడూ ఉప్పు ఒక పిడికెడు ఎక్కువే వేసేది" అనింది. తర్వాత తనే నూనె కాచి చల్లార్చి, తడిలేని చిన్న సీసాల్లోకి మార్చి, ఫ్రిజ్‌లో పెట్టింది.