ఉప్పల్ మోతకి ఏ హెడ్‌ఫోన్? అపోహలు – వాస్తవాలు

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడితే ఒక్క మోత కాదు, నాలుగు రకాల మోతలు చెవిన పడతాయి. ఆగి ఉన్న వరంగల్ బస్సు ఇంజిన్ గుర్రుమంటూ ఉంటుంది. ఆటోలు టకటకలాడుతుంటాయి. వాటి మీదుగా హారన్లు, ఎక్కండెక్కండంటూ కేకలు. నాచారం వైపైతే పారిశ్రామికవాడ లారీలు అదనం. ఇక్కడి నుంచి రోజూ హైటెక్ సిటీ దాకా వెళ్లొచ్చేవాళ్లలో చాలామంది చెవిలో ఏదో ఒకటి ఉంటుంది. కానీ కొనేటప్పుడు స్నేహితుడి మాటనో, డబ్బా మీది అక్షరాలనో నమ్మి కొంటున్నారు. చెవులకు సంబంధించిన విషయం కాబట్టి కాస్త వివరంగానే చెప్పుకోవాలి.

అపోహ: నాయిస్ క్యాన్సిలేషన్ ఉంటే హారన్‌తో సహా అంతా మాయం.

మాయం కాదు. ఏఎన్‌సీ అని పిలిచే ఈ పద్ధతిలో హెడ్‌ఫోన్‌కున్న మైకు బయటి మోతను వింటుంది. లోపలి స్పీకరు సరిగ్గా దానికి ఎదురు తరంగాన్ని పుట్టిస్తుంది. దీని ఎత్తు దాని పల్లంలో పడితే రెండూ రద్దవుతాయి. ఈ ఆలోచనకు పాల్ ల్యూగ్ అనే జర్మన్ 1936లోనే అమెరికా పేటెంట్ పొందాడు. 1978లో బోస్ ఆడియో కంపెనీ అధినేత అమర్ బోస్ జ్యూరిక్ నుంచి బోస్టన్ వెళ్తూ విమానం హోరులో పాట సరిగా వినపడక, ఆ ప్రయాణంలోనే లెక్కలు మొదలుపెట్టాడు. 1989కి ఆయన కంపెనీ పైలట్ల హెడ్‌సెట్ అమ్మకానికి తెచ్చింది. అంటే ఇది తెగకుండా సాగే ఇంజిన్ హోరు కోసం పుట్టిన వస్తువు.

హారన్ దగ్గర ఎందుకు తడబడుతుందో తరంగం పొడవు చూస్తే తెలుస్తుంది. 100 హెర్ట్జ్ గుర్రు తరంగం గాలిలో సుమారు 3.4 మీటర్లు. ఎదురు తరంగం రవ్వంత ఆలస్యమైనా పెద్ద తేడా రాదు. 3,000 హెర్ట్జ్ కీచు తరంగం 11 సెంటీమీటర్లే. అక్కడ అంత ఆలస్యమే కొంప ముంచుతుంది. అందుకే ఏఎన్‌సీ పనితనం ఎక్కువగా 1,000 హెర్ట్జ్‌కి దిగువనే. హారన్‌లో చెవిని పొడిచే భాగం దానికి పైన ఉంటుంది. పైగా హారన్ ఉన్నట్టుండి మోగుతుంది.

దీన్ని మన దారికి అన్వయించుకుందాం. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే బ్లూ లైన్‌లో తలుపులు మూసుకున్నాక మిగిలేది మోటార్ల హోరు, ఏసీ హోరు. అక్కడ ఏఎన్‌సీకి పెట్టిన డబ్బు దండగ కాదు. కిటికీలు తెరిచిన ఆర్డినరీ బస్సులోనూ ఇంజిన్ గుర్రు తగ్గిస్తుంది, హారన్లను మాత్రం వదిలేస్తుంది. కిటికీ పక్కన కూర్చుంటే గాలి నేరుగా మైకులకు తగిలి, లేని బరబర పుట్టిస్తుంది. అప్పుడు ఏఎన్‌సీ ఆపేయడమో, గాలి మోడ్ ఉంటే అది పెట్టుకోవడమో మేలు. నాచారం నుంచి షేర్ ఆటోలో హబ్సిగూడ స్టేషన్‌కి వచ్చేదాకా కూడా అంతే.

అపోహ: డబ్బా మీద ఈఎన్‌సీ అని ఉంది, ఏఎన్‌సీ అన్నా అదే.

తక్కువ ధర ఇయర్‌బడ్స్ కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఈ ఒక్క అక్షరం దగ్గరే. ఈఎన్‌సీ పని చేసేది మీ మైకు మీద. మీరు రింగ్ రోడ్డు మీద ఫోన్ మాట్లాడుతుంటే అవతలివాళ్లకు హారన్లు తక్కువ వినిపిస్తాయి. మీ చెవికి చేరే మోత అంతే ఉంటుంది. "అన్నా, నాయిస్ క్యాన్సిలేషన్ ఉందా?" అని అడిగితే షాపులో ఏ డబ్బా చూపించినా ఉందనే అంటారు. "ఏఎన్‌సీ ఉందా? ఆన్, ఆఫ్ చేసి చూపించన్నా" అని అడగండి. షాపులో ఫ్యానో ఏసీయో తిరుగుతుంటే తేడా అక్కడికక్కడే తెలిసిపోతుంది.

డబ్బా మీది డెసిబెల్ అంకె కూడా అలాంటిదే. సాధారణంగా అది బాగా తగ్గిన ఒకానొక ఫ్రీక్వెన్సీ దగ్గరి అంకె, అన్ని మోతలకూ వర్తించదు.

అపోహ: ధర ఎక్కువైతే మోత తక్కువ.

హారన్లను, కేకలను అడ్డుకునేది చెవి కాలువ ఎంత బాగా మూసుకుందన్నదే. ఇయర్‌బడ్స్ డబ్బాలో చిన్నా పెద్దా రబ్బరు టిప్పులు ఇస్తారు. చాలామంది వాటిని కవర్‌లోంచి కూడా తీయరు. ఒక్కో టిప్ పెట్టుకుని నోరు మూసి "ఊఁ" అనండి. సొంత గొంతు బిందెలో మాట్లాడినట్టు గుమ్మని మోగితే బాగా మూసుకున్నట్టు. ఒక చెవిలో మోగి రెండో చెవిలో మోగకపోతే అటువైపు వేరే సైజు కావాలి. రెండు చెవులకూ ఒకే సైజు ఉండాలని లేదు. చెవి లోపలికి దిగకుండా అంచున ఆగిపోయే రకాలు, ఎముక ద్వారా వినిపించే రకాలు మోతను అడ్డుకోవు.

పాటలు అక్కర్లేదు, కునుకు తీస్తే చాలనుకునేవాళ్లకు ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ చాలు. కొద్ది రూపాయల వస్తువు, హారన్ల విషయంలో ఖరీదైన బడ్స్‌కి తీసిపోదు. పెట్టుకోవడం తెలియాలంతే. వేళ్ల మధ్య సన్నగా నలపాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగాలి. లోపలికి దించి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో ఆపాలి.

అపోహ: సౌండ్ పెంచితే బయటి మోత కొట్టుకుపోతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. బయటి మోత ఎక్కడికీ పోదు, దాని మీద ఇంకో మోత పేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కి శక్తి రెట్టింపవుతుంది, గంటలు సగమవుతాయి. 90కి వచ్చేసరికి వారానికి 4 గంటలే. ఉప్పల్ నుంచి రాయదుర్గం పోనూ రానూ రోజుకి దాదాపు రెండు గంటలు. మోతను మింగేయాలని 90లో పెట్టుకుని వింటే సోమవారం మొదలైన కోటా మంగళవారం సాయంత్రానికి ఖాళీ. అదే పాటలు 80లో వింటే వారమంతా విన్నా ఇంకా మిగులుతుంది. హెడ్‌ఫోన్ మోతను అడ్డుకోవాల్సింది ఇందుకే, వాల్యూమ్ తగ్గించుకోగలగడానికి. ఫోన్‌లో 60 శాతం దాటకుండా పాట హాయిగా వినిపిస్తే మీరు కొన్నది సరైన వస్తువే.

అపోహ: ఏఎన్‌సీ రేడియేషన్‌తో చెవి పాడవుతుంది.

ఎదురు తరంగం కూడా శబ్దమే, రేడియేషన్ కాదు. కొందరికి చెవి దిబ్బడ వేసినట్టు ఉంటుంది. అలాంటివాళ్లు ఏఎన్‌సీ తగ్గించుకోవాలి, లేదా మామూలు బిగువు టిప్పులకు మారాలి.

ఇవన్నీ కూర్చుని ప్రయాణించేవాళ్లకే. బండి నడిపేవాళ్లు, రోడ్డు దాటేవాళ్లు చెవులు ఖాళీగా ఉంచుకోవాలి. ఉప్పల్ చౌరస్తాలో కాలినడకన దాటడానికి 2023లో స్కైవాక్ వచ్చింది. కింద వాహనాల మధ్య నుంచే దాటేవాళ్లకు మాత్రం వెనక వచ్చే బస్సు సంగతి ముందు చెప్పేది చెవే.

నాచారంలో యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లకు ఇంకో మాట. బస్సులో వాడే ఏఎన్‌సీ హెడ్‌ఫోన్ షెడ్డులో రక్షణ పరికరం కాదు. అక్కడ కంపెనీ ఇవ్వాల్సిన ఇయర్ మఫ్స్, ఇయర్‌ప్లగ్సే వాడాలి. మోత వల్ల వచ్చే చెవుడును చట్టం అధికారులకు తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. చెవికి డ్యూటీ మోత వేరు, పాట మోత వేరు అని ఉండదు, రెండూ ఒకే ఖాతాలో పడతాయి. షిఫ్టు దిగాక చెవుల్లో గుయ్యిమంటుంటే ఆ సాయంత్రం బస్సులో పాటలు మానేసి ఫోమ్ ప్లగ్స్ పెట్టుకోండి. ఆ గుయ్యి మర్నాటికీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించుకోండి.