ప్రశ్నకు దిద్దుబాటు

అడుగనిదే అమ్మయైనను పెట్టదని మనలో నొక సామెత కలదు. కాని అడిగినవాని మాటను నడుమనున్నవారు మార్చి వినిపించినచో అమ్మ మాత్ర మేమి పెట్టగలదు? ఆకలియని బిడ్డ యేడ్చుచుండగా నిద్ర వచ్చుచున్నదని చెప్పినచో ఆ బిడ్డకు జోలపాటయే దొరకును. పరుల ప్రశ్నలను చక్కదిద్దు పని నేడు సభలయందును, కచేరీలయందును నిత్యము జరుగుచున్నది. ఆ దిద్దుబాటున కొక హద్దు వలయునని మా యభిప్రాయము.

దిద్దుబాటు అసలే కూడదని యెవ్వరును వాదింపరు. లోకసభ నియమముల ననుసరించి సభ్యుని ప్రశ్న సాధారణముగ 150 మాటలకు మించరాదు. అందు వాదములు, వ్యంగ్యోక్తులు, నిందావాక్యములు ఉండరాదు. అది గ్రాహ్యమగునా కాదా యని నిర్ణయించు అధికారము స్పీకరునిది. నియమములకు సరిపడునట్లు ప్రశ్నల పాఠమును సవరించుటయు, ఒకే విషయమునుగూర్చి పలువు రడిగినవానిని జతపఱచుటయు ఆచారమైయున్నది. కాలము స్వల్పము, ప్రశ్నలు పెక్కు. కావున నిది తప్పదు. తప్పులు దిద్ది, అనవసరపు మాటలను తగ్గించినవాడు అడిగినవానికి ఉపకారియే యగును.

కాని ఉపకారము అపకారముగ మాఱుట కెంతయో దూరము లేదు. ఒక యుదాహరణము నూహింతము. “మా కాలువ చివరి పొలములకు ఈ యేడు నీరేల రాలేదు? పూడిక తీయకయే గుత్తేదారునకు సొమ్ము చెల్లించిరా?” యని యొక రైతు అడిగెననుకొందము. భాష మోటుగ నున్నదని తలచి దిద్దువాడు దానిని “కాలువల బాగునకై తీసికొనబడుచున్న చర్యలెవ్వి?” యని మార్చును. వాక్యము నున్ననైనది, మర్యాదయు పెరిగినది. కాని మా కాలువ పోయినది, ఈ యేడు పోయినది, గుత్తేదారుడును పోయినాడు. చర్యల జాబితా యొకటి బదులుగ వచ్చును. ప్రశ్నకు సమాధాన మియ్యబడినదని దస్త్రమున వ్రాయబడును. బదులు రాని ప్రశ్నను మరల అడుగవచ్చును. బదులు వచ్చినట్లు వ్రాయబడినదానిని మరల అడుగుట కష్టము. హాని యంతయు నిచ్చటనే యున్నది.

ప్రశ్నించు హక్కు ఈ దేశమున సులభముగ లభించినది కాదు. 1892వ సంవత్సరపు ఇండియన్ కౌన్సిల్స్ చట్టమువలన శాసనసభ్యులకు అది మొదట దొరకెను. 1893 ఫిబ్రవరి 16వ తేదీన భింగా రాజు వేసినది తొలి ప్రశ్నగ గణింపబడుచున్నది. అధికారులు మకాములకు వచ్చినపుడు సరకులు సమకూర్పవలసిన పల్లెటూరి వర్తకుల యిబ్బందులనుగూర్చి ఆయన అడిగెను. ఉపప్రశ్నకై 1909వ సంవత్సరపు సంస్కరణలవరకు వేచియుండవలసి వచ్చెను. ఆ తొలి ప్రశ్నకు ప్రాణము పల్లెటూరి వర్తకుడు. ఎవరైన వానిని తొలగించి, మకాముల యేర్పాట్లెట్లున్నవని మార్చియుండినచో బాగుగనే యున్నవను బదులుతో సభ ముగిసియుండెడిది.

2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టమునందు ఈ హద్దు చక్కగ గీయబడినది. వ్రాయలేనివాడు నోట నడిగినచో దానిని వ్రాతలో పెట్టుటకు పౌర సమాచారాధికారి తగిన సాయము చేయవలయును. ఏల అడుగుచున్నావని కారణము కోరరాదు. 2012వ సంవత్సరపు కేంద్ర నియమములు దరఖాస్తునకు సాధారణముగ 500 మాటల మితి విధించినను, ఆ మితి దాటెనను నొక్క కారణముచే త్రోసివేయరాదని చెప్పుచున్నవి. చేయి అధికారిదైనను మాట అడిగినవానిదే కావలయునని దీని భావము.

మన పూర్వులును ఈ మర్యాద నెఱిగినవారే. ప్రశ్నోపనిషత్తునందు పిప్పలాదుడు తన్నాశ్రయించిన ఆరుగురిని ఒక సంవత్సరము తపోనియమముతో నుండుడనియు, పిదప మీ యిచ్చవచ్చిన ప్రశ్నల నడుగుడనియు పలికెను. నిరీక్షింపుమనెనే కాని ప్రశ్నను మార్చుమనలేదు. వారిలో సుకేశుడు కోసల రాజపుత్రుడు తన్నడిగిన ప్రశ్నకు బదులెఱుగక, ఎఱుగనని యొప్పుకొని, ఆ ప్రశ్ననే గురువు కడకు తెచ్చెను. తనకు బదులు తెలిసిన వేఱొక ప్రశ్నగ దానిని మార్చుకొనలేదు. పరుల ప్రశ్నను మోయువారి కింతకంటె మేలైన ఆదర్శము లేదు.

కావున దిద్దువారు పాటింపవలసిన ధర్మము సులభమైనది. మాట తగ్గింపుడు, మనుష్యుని, ఊరిని, ఏటిని తీసివేయకుడు. అర్థము మాఱునను సందేహము కలిగినచో అడిగినవాని సమ్మతి పొందుడు. మూలపాఠమును దిద్దిన పాఠముప్రక్కన నుంచుడు. ప్రశ్న నియమవిరుద్ధమైనచో కారణము చెప్పి త్రోసివేయుడు. త్రోపుడుపడినవానికి తన ప్రశ్నయైనను మిగులును. దిద్దిన ప్రశ్నను చదివి “ఇది నాదే” యని రైతు గుర్తింపగలిగిననాడే ఆ దిద్దుబాటు న్యాయమైనది.