విత్తనం వెంట మాట కూడా రావాలి
నూరేళ్ళ మార్టేరు వరి పరిశోధన - రైతు ముంగిట్లోకి చేరవలసిన విజ్ఞానం

పెనుమంట్ర: సార్వాకు నారుమళ్ళు సిద్ధమవుతున్నాయంటే ప్రతి రైతు ఇంటా ఒకటే ప్రశ్న: ఈసారి ఏ విత్తనం వేద్దాం? ఈ ప్రశ్నకు మన జిల్లాలో నూరేళ్ళుగా జవాబు వెదుకుతున్న చోటు పెనుమంట్ర మండలంలోని మార్టేరు వరి పరిశోధనా కేంద్రం. 1925లో ప్రారంభమైన ఈ కేంద్రం, 1964లో రాష్ట్రంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడిన తర్వాత దానిలో భాగమైంది. ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయం ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో గుంటూరు వద్ద లాం నుంచి పనిచేస్తున్నది.

విశ్వవిద్యాలయమంటే పట్టాలిచ్చే చోటు అని మాత్రమే అనుకుంటే పొరపాటు. ఎంతోమంది కంచంలోకి అన్నం వచ్చింది ఇటువంటి కేంద్రాల మళ్ళలోంచే.

స్వర్ణ కథ

1982లో మార్టేరు విడుదల చేసిన ఎం.టి.యు. 7029, అంటే మనందరికీ తెలిసిన స్వర్ణ, వశిష్ఠ, మసూరి రకాలను సంకరపరచగా వచ్చింది. పంటకాలం సుమారు 150 రోజులు. నత్రజని తక్కువ వేసినా దిగుబడి ఇచ్చే గుణం దీనిది. అందుకే పెట్టుబడికి వెనుకాడే చిన్న రైతు కూడా దీన్ని నమ్ముకున్నాడు. ఒరిస్సా, బెంగాల్, బీహార్ మీదుగా బంగ్లాదేశ్ వరకు పాకింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు ఇదే స్వర్ణకు ముంపును తట్టుకునే గుణాన్ని జోడించారు. ఆ గుణం ఒరిస్సాకు చెందిన పాత రకం నుంచి తీసుకున్నది. రెండు వారాల దాకా నీట మునిగినా తేరుకునే ఈ స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది.

సుడిదోమ డెల్టా చేలను తగలబెట్టినట్టు మాడ్చిన రోజులు పెద్దలకు గుర్తే. దాన్ని తట్టుకునే చైతన్య, కృష్ణవేణి, విజేత వంటి రకాలూ, 120 రోజుల్లో కోతకొచ్చే కాటన్ దొర సన్నాలూ మార్టేరు నుంచే వచ్చాయి. విత్తనంలోనే తట్టుకునే శక్తి ఉంటే మందు డబ్బా ఖర్చు తగ్గుతుంది, చేనూ నీరూ బాగుంటాయి.

విత్తనం ఒక్కటే చాలదు

అయితే విత్తనం వచ్చి, దానిని వాడే తీరు తెలియకపోతే నష్టం రైతుదే. నిద్రావస్థ సంగతి చూడండి. కోతల వేళ తుపాను వాన పడితే కంకిమీదే గింజ మొలకెత్తకుండా మార్టేరు రకాలు కొన్నింటికి రెండు మూడు వారాల నిద్రావస్థ ఉంటుంది. ఇది వరమే. కానీ సార్వాలో కోసిన గింజనే వెంటనే దాళ్వా నారుమడికి చల్లితే మొలక రాదు. "విత్తనం పుచ్చిపోయింది" అని రైతు తల పట్టుకుంటాడు.

దీనికి శాస్త్రజ్ఞులు చెప్పే ఉపాయం సులువైనదే. నిద్రావస్థ తక్కువైతే లీటరు నీటికి 6.3 మి.లీ., ఎక్కువైతే 10 మి.లీ. గాఢ నత్రికామ్లం కలిపి, ఆ లీటరు నీటిలో కిలో విత్తనాన్ని 24 గంటలు నానబెట్టాలి. తర్వాత మంచినీటితో బాగా కడిగి, 24 గంటలు మండె కట్టాలి. ఆమ్లాన్ని నీటిలో పోయాలే గాని నీటిని ఆమ్లంలో పోయరాదు. చేతులకు తొడుగులు తప్పనిసరి. పిల్లలను దగ్గరకు రానీయకూడదు.

సుడిదోమ విషయమూ అంతే. తట్టుకునే రకం వేశాం కదా అని యూరియా గుమ్మరించి, గాలి ఆడకుండా ఊడిస్తే దోమకు ఇల్లు కట్టి ఇచ్చినట్టే. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీస్తే చేనుకు గాలీ వెలుతురూ తగులుతాయి.

సంచి చీటీ చూడండి

బ్రీడరు విత్తనానికి పసుపు చీటీ, ఫౌండేషన్ విత్తనానికి తెలుపు, ధ్రువీకరించిన విత్తనానికి నీలం చీటీ ఉంటాయి. వరి ధ్రువీకరణ విత్తనంలో నూటికి కనీసం 80 గింజలు మొలకెత్తాలి. నూరు గింజలు తడిగుడ్డలో చుట్టి ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు.

వరి హైబ్రిడ్ కాకపోతే రైతు తన పంటనుంచే విత్తనం కట్టుకోవచ్చు. పూతదశలోనూ కోతకు ముందూ కేళీలు ఏరివేయాలి. తేమ 13 శాతానికి మించకుండా ఆరబెట్టాలి. దాచుకోవడానికీ, ఇరుగుపొరుగుకు ఇచ్చిపుచ్చుకోవడానికీ, పేరుముద్ర లేకుండా అమ్ముకోవడానికీ 2001 నాటి చట్టం రైతుకు హక్కు ఇచ్చింది.

చేయవలసింది

కొత్త రకాన్ని విడుదలకు ముందు చిరుసంచులుగా రైతులకిచ్చి వారి చేలల్లో పరీక్షించే పద్ధతి విశ్వవిద్యాలయానికి ఉంది. ఆ చిరుసంచులు కౌలు రైతు చేతికీ, కాలువ చివరి పొలాలకూ అందాలి. చివరి సంవత్సరంలో పల్లెల్లో ఉండి పని నేర్చుకునే వ్యవసాయ కళాశాల విద్యార్థులు, రైతు అడిగిన ప్రశ్నలను రాసుకుని తిరిగి మార్టేరుకు చేర్చాలి. ప్రతి సంచితో పాటు, ఆ రకం నిద్రావస్థ ఎన్ని వారాలో, యూరియా ఎంత వేయాలో పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసిన కాగితం ఉండాలి.

రైతులు చేయవలసిందీ ఉంది. నారు పోయకముందే ఊరిలోని రైతు సేవా కేంద్రంలో గాని, మార్టేరులో గాని తమ నేలకు, నీటి వసతికి ఏ రకం తగినదో అడిగి తెలుసుకోవాలి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడిగే రైతు ఉంటేనే పరిశోధన పల్లె దారి పడుతుంది.