వంటయింటిలో బొగ్గుపులుసు గాలి

ఇడ్లీని విరిచి చూచినచో లోపల సన్నని గుల్లలు కానవచ్చును. గోలీసోడాలోని గోలీని లోనికి నొక్కగనే బుడగలు పైకి పొంగును. పులియుచున్న కల్లుకుండపై నురుగు కట్టును. ఈ మూడింటికిని కారణమైన వాయువు ఒక్కటియే. పూర్వపు తెలుగు శాస్త్రగ్రంథములలో దానిని బొగ్గుపులుసు గాలి యనిరి. నేటి పాఠ్యపుస్తకములలో దాని పేరు కార్బన్ డై ఆక్సైడు. బొగ్గుగనుల నడుమ నివసించు గోదావరిఖని, రామగుండము ప్రాంతముల బాలబాలికలు దీని గుణములను ఎరిగియుండుట మిక్కిలి అవసరమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ వాయువును ఇంటిలోనే పుట్టింపవచ్చును. పొడవైన గాజుగ్లాసులో రెండు గ్రాముల తినుసోడాను వేసి, రెండు నిమ్మకాయల రసమును కొంచెము కొంచెముగా పోయవలెను. వెంటనే బుసబుసమని నురుగు లేచును. నిమ్మరసమునకు బదులు వినిగరును గాని చిక్కని చింతపండు పులుసును గాని వాడవచ్చును. పులుపులోని ఆమ్లము సోడాతో కలియగా, ఒక లవణమును, నీరును, బొగ్గుపులుసు గాలియు ఏర్పడును. 84 గ్రాముల సోడాలో 44 గ్రాముల వాయువు ఇమిడియున్నది. కావున మన రెండు గ్రాముల సోడానుండి సుమారు అరలీటరు వాయువు వెలువడును.

నురుగు అణగిన పిమ్మట, ఒక గిన్నెలో చిన్న క్రొవ్వొత్తి ముక్కను వెలిగించి నిలుపుడు. గ్లాసులోని ద్రవము ఒలుకకుండ, నీళ్లు పోయునట్లు గ్లాసును ఆ గిన్నెపై మెల్లగా వంచుడు. దీపము చప్పున ఆరిపోవును. ఇట్లే మరల పుట్టించిన వాయువును తాంబూలపు సున్నముతో చేసిన తేటనీటిపై వంచి, ఆ నీటిని కదలించినచో అది పాలవలె తెల్లబడును. ఈ వాయువును గుర్తించుటకు ఇదియే పరీక్ష. సున్నపునీరు కంటిలో పడనీయరాదు. సోడాను, పులుపును సీసాలో కలిపి బిరడా బిగింపరాదు; సీసా పగిలి గాయము చేయగలదు.

ఒకప్పుడు ఈ ప్రయోగమును చూపుచుండగా ఒక బాలిక లేచి, "సార్, కనబడని గాలిని నీళ్లవలె ఎట్లు పోసితిరి?" అని మమ్ము అడిగెను. మంచి ప్రశ్న. ఈ వాయువు సాధారణ వాయువుకంటె ఒకటిన్నర రెట్లు బరువైనది. అందుచేత అది పల్లమునకు దిగి, అచ్చటనే నిలుచును. ఇంగ్లండులో క్రైస్తవ బోధకుడును శాస్త్రజ్ఞుడును అగు జోసెఫ్ ప్రీస్ట్లీ, తన యింటి ప్రక్కనున్న బీరు బట్టీలోని తొట్లపై ఈ వాయువు పొరగా నిలిచియుండుటను గమనించెను. దానిని నీటిలో కలిపి సోడానీరు చేయు విధానమును 1772లో ప్రకటించెను.

తొట్టిలో నిలిచినది బావిలోను నిలుచును. చాలకాలము వాడని బావిలో ఆకులు, చెత్త క్రుళ్లుటచే ఈ వాయువు పుట్టి, గాలి కదలనందున అడుగున చేరును. దానికి రంగు లేదు, వాసన తెలియదు. గాలిలో నూటికి పదిపాళ్లు చేరినచో మనుష్యునకు కొద్ది నిమిషములలోనే స్పృహ తప్పును. పూడిక తీయ దిగినవాడు పడిపోవును. అతనిని లేవనెత్తుటకు అన్న దిగును. అన్నకొరకు పొరుగువాడు దిగును. ఇట్లు ఒక్క బావిలో ముగ్గురు నలుగురు మరణించిన వార్తలు పత్రికలలో పలుమార్లు చదువుచున్నాము. ప్రేమయే వారిని దింపినది. తెలియమి వారిని చంపినది.

గనులలోను ఈ వాయువు కలదు. బొగ్గు గాలిలోని ప్రాణవాయువును మెల్లగా పీల్చుకొని బొగ్గుపులుసు గాలిని విడుచును. ప్రాణవాయువు తగ్గి, ఇది పెరిగిన గాలిని ఆంగ్లదేశపు గనివారు బ్లాక్ డ్యాంప్ అనిరి. అందులకే పెద్ద ఫ్యానులతో గనిలోనికి గాలిని ఆడింతురు. మైనింగు సర్దారు పనిస్థలమును ముందుగా పరీక్షించును. 2017 నాటి బొగ్గుగనుల నిబంధనల ప్రకారము, మనుష్యులు పనిచేయు చోట గాలిలో ప్రాణవాయువు నూటికి 19 పాళ్లకు తగ్గరాదు. బొగ్గుపులుసు గాలి అరపాలు మించరాదు.

బావిలోనికి దీపము దింపి చూచుట మన పల్లెలలో పాత యలవాటు. దీపము ఆరినచో దిగరాదనుట నిశ్చయము. కాని దీపము వెలుగుచున్నంత మాత్రమున క్షేమమని నమ్మరాదు; దీపమును ఆర్పని విషవాయువులును కలవు. మండెడు వాయువు ఉన్నచో ఆ దీపమే ప్రమాదము తెచ్చును. కావున బావిలో ఎవరైనను పడిపోయినచో, ఎంత ఆప్తులైనను, వెంట దిగకుడు. పదిమందిని కేకవేసి, 101కు ఫోను చేసి అగ్నిమాపక దళమును పిలువుడు. వారికి శ్వాసయంత్రములు కలవు.

బాలబాలికలారా, ఈ ప్రయోగమును పెద్దల యెదుట చేసి, దీపము ఆరుటను ఇంటిల్లిపాదికిని చూపుడు. ఈ వేసవిలో బావి పూడిక తీయించు ప్రతి యింటను ఈ సంగతి ముందుగా తెలిసినచో, మన పాఠము సార్థకమగును.