ఇంటిమీద సోలారు: సంతకమునకు ముందు సరిచూడవలసినవి

మఠంపల్లి ప్రాంతమున ఎండకు కొదవ లేదు. కల్లములో మిరపపండ్లు ఎండుటకు, సాగర్ ఎడమకాలువ క్రింద పండిన ధాన్యములో తేమ తగ్గుటకు ఆ ఎండే ఆధారము. అదే ఎండతో ఇప్పుడు డాబామీద విద్యుత్తు పుట్టించుకొనవచ్చును. సోలారు మంచి సాధనమే. అయితే పలకలు డాబామీద ఉన్నను, అప్పు మాత్రము యజమాని నెత్తిమీద ఉండును. పలకలు పనిచేయకపోయినను బ్యాంకు వాయిదా ఆగదు. కాబట్టి రైతు సోదరులు ఈ క్రింది సంగతులను సంతకమునకు ముందే చూచుకొనవలెను. తరువాత చూచిన ప్రయోజనము తక్కువ.

మొదట కరెంటు బిల్లు

గడచిన 12 నెలల బిల్లులు ముందుంచుకొని, నెలకు ఎన్ని యూనిట్లు ఖర్చగుచున్నవో లెక్కించవలెను. మంచి ఎండలో 3 కిలోవాట్ల సోలారు నెలకు సుమారు 300 యూనిట్లు ఇచ్చును. దానికి నీడపడని డాబా 300 చదరపు అడుగులు కావలెను.

తెలంగాణలో 2024 నుండి గృహజ్యోతి పథకము క్రింద, అర్హులైన తెల్లకార్డు కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఇట్టి ఇంటికి వచ్చి, "మిగిలిన బిల్లు సొమ్ముతోనే వాయిదా తీరిపోవును" అని ఎవరైన చెప్పిన నమ్మరాదు. బిల్లే లేనిచోట మిగులునది ఏమి? నెలకు 300 యూనిట్లు దాటి వాడు ఇంటికి లెక్క వేరుగా ఉండును.

మరొక మాట. బ్యాటరీ లేక, కరెంటు లైనుకు కలిపిన సోలారు, లైనులో కరెంటు పోయినప్పుడు తానును ఆగిపోవును. లైనుమీద పనిచేయువారి ప్రాణరక్షణకే ఈ ఏర్పాటు. కరెంటు పోయినను దీపములు వెలుగునని చెప్పినచో, బ్యాటరీ ఉన్నదా, దాని ధర ఎంత అని అడుగవలెను.

రాయితీ ఎంత, ఎవరికి?

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము పి.ఎం. సూర్యఘర్ పథకమును ఆమోదించినది. ఇది 2026-27 ఆర్థిక సంవత్సరము వరకు ఉద్దేశింపబడినది. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు రూ. 30,000, మూడవదానికి రూ. 18,000, మొత్తము రూ. 78,000 రాయితీ కలదు. అంతకన్న పెద్దది పెట్టినను రాయితీ పెరగదు. పథకపు వెబ్‌సైటులో నమోదైన విక్రేతచేతనే పని చేయించవలెను. పలకలు, వాటిలోని సెల్లులు మనదేశములో తయారైనవై యుండవలెను. నెట్ మీటరు బిగించి, తనిఖీ ముగిసిన పిమ్మట రాయితీ నేరుగా యజమాని బ్యాంకు ఖాతాలో పడును. దానిని ముందే తన పేర వ్రాయించుకొందునని ఎవరైన అన్నచో ఒప్పుకొనరాదు.

వడ్డీలో పోవు రాయితీ

ఈ పథకములో 3 కిలోవాట్ల వరకు, తాకట్టు లేకుండ, తక్కువ వడ్డీకి బ్యాంకు అప్పు దొరకును. 2024లో ఇది సుమారు 7 శాతముగా ఉండెను. అనగా నెలకు నూటికి 58 పైసలు. విక్రేత తనతో తెచ్చు ఫైనాన్సు అప్పు ఇంతకంటె ఎక్కువ కావచ్చును.

ఉదాహరణకు రూ. 1,80,000 అప్పు 10 ఏండ్లకు తీసికొన్నామనుకొందము. 7 శాతమైన నెల వాయిదా రూ. 2,090. 14 శాతమైన రూ. 2,795. నెలకు తేడా రూ. 705 మాత్రమే గదా అనిపించును. కాని 10 ఏండ్లలో అది రూ. 84,600 అగును. ప్రభుత్వమిచ్చిన రాయితీ అంతయు వడ్డీకే పోయి, పైన మరికొంత చేతినుండి పడును.

2024 అక్టోబరు 1 నుండి, రిజర్వు బ్యాంకు ఆజ్ఞ ప్రకారము, ఇట్టి అప్పు ఇచ్చు బ్యాంకు గాని, ఫైనాన్సు కంపెనీ గాని, అప్పు ముఖ్యాంశముల పత్రమును మనకు తెలిసిన భాషలో ఇచ్చి వివరించవలెను. రుసుములతో కలిపి ఏడాదికి పడు అసలు వడ్డీ శాతము అందులో ఉండును. ఆ షరతులు కనీసము 3 పనిదినములు చెల్లును. కాబట్టి "ఈ రోజే సంతకము" అన్నవారికి, ఇంట చదువుకొని చెప్పెదమని ధైర్యముగా చెప్పవచ్చును. ఖాళీ కాగితముపై సంతకము, ఫోనుకు వచ్చిన ఓ.టి.పి. ఎవరికిని ఇవ్వరాదు.

ఒప్పందములో ఉండవలసినవి

- పలకల, ఇన్వర్టరు కంపెనీల పేర్లు, సామర్థ్యము, వేర్వేరు హామీ కాలములు.
- 5 సంవత్సరముల ఉచిత నిర్వహణ. పథకములో విక్రేతకు ఇది విధి.
- ఏ పని ముగిసినప్పుడు ఎంత సొమ్ము చెల్లించవలెనో. నెట్ మీటరు బిగించువరకు కొంత సొమ్ము నిలుపుకొనుట మేలు.
- కోతుల వలన, గాలివాన వలన పలకలు పగిలినచో ఖర్చు ఎవరిది? తయారీ హామీ సాధారణముగా దీనికి వర్తించదు. బీమా సంగతి అడుగవలెను.

కరెంటు సంస్థకును గడువులు కలవు. 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమముల ప్రకారము 10 కిలోవాట్ల వరకు దరఖాస్తును సాంకేతిక పరిశీలన లేకనే అంగీకరించినట్లు భావించవలెను. పని ముగిసిన పిమ్మట 15 దినములలో కలుపవలెను. 5 కిలోవాట్ల వరకు లైను బలపరచుట అవసరమైన, ఆ ఖర్చు సంస్థదే.

మోసపోయినచో

మిరప విత్తనము కొన్నప్పుడు బిల్లు, ఖాళీ సంచి, లాటు నంబరు దాచుకొనుట మన రైతులు కష్టపడి నేర్చిన పాఠము. ఆంధ్రప్రదేశ్ రైతుల విత్తనాల వ్యాజ్యములో, రైతు కూడ వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2012లో తీర్పు చెప్పినది. సోలారుకును అదే పాఠము. బిల్లు, ఒప్పందము, హామీపత్రము, పలకల నంబర్ల ఛాయాచిత్రములు భద్రపరచవలెను.

మొదట విక్రేతకు వ్రాతమూలకముగా తెలిపి, నకలు ఉంచుకొనవలెను. ఫలితము లేకున్న 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, కొన్నవాడు తాను నివసించు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. విక్రేత ఊరికి పోనక్కరలేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపైన రుసుము లేదు. అయితే 2 ఏండ్ల గడువు మించరాదు. అప్పు విషయమున బ్యాంకు 30 దినములలో సరియైన జవాబు ఇవ్వనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును.

పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు ఈ సంగతులను రైతువేదికలలో చదివి వినిపించిన ఎంతో మేలు. ఎండ ఎవరి సొత్తును కాదు. దానిని పట్టు పలకకు మాత్రము ధర కలదు. ఆ ధర తెలిసి కొన్నవానికి సోలారు లాభము. తెలియక కొన్నవానికి మరొక అప్పు.